ఛాయాచిత్రములలో మా యూరి వసంతము



చైత్రమాసము ప్రవేశించినది. వేపచెట్లు పూచినవి. ఈ మాట నేను పంచాంగము చూచి చెప్పుట లేదు. ఈ యుదయమున మా వీధి చివర వేపచెట్టు క్రింద ఇద్దఱు స్త్రీలు పాతచీర పఱచి, రాలిన పూవును ఏఱుకొనుచుండగా చూచి చెప్పుచున్నాను. ఆ దృశ్యమును ఛాయాచిత్రముగా తీసితిని కూడ. అఱువదియైదేండ్ల తెలుగు పండితుడు సెల్‌ఫోను పట్టుకొని చెట్టు క్రింద నిలుచుట కొందఱకు నవ్వు పుట్టింపవచ్చును. ఆ పని నే నెందులకు చేయుచున్నానో, దానికి గల పూర్వచరిత్ర యెట్టిదో నేటి ప్రసంగమున మనవి చేసెదను.

నేను బాల్యమున గురువుగారి యొద్ద పంచకావ్యములు చదివికొని, పిమ్మట ముప్పదియైదేండ్లు ఉన్నతపాఠశాలలో తెలుగు చెప్పితిని. మహాకావ్యమునకు అష్టాదశవర్ణనలు కావలెనని ఆలంకారికులు నియమించిరి గదా! వానిలో నగరవర్ణన యొకటి, ఋతువర్ణన యొకటి. ఈ రెండును కలిసినచోట, అనగా ఒక పట్టణమున వసంతము వచ్చినప్పటి వర్ణనను బోధించుట నాకు మిక్కిలి ప్రీతి. మావిచిగురు, కోయిల, మలయమారుతము, తుమ్మెదలు, వెన్నెల ఒకదాని వెంట నొకటి వచ్చుచుండును. ఒకనాడు వెనుకబల్ల మీది బాలు డొకడు లేచి, "ఆ ఊళ్ళో బజారుకి ఎవరూ వెళ్ళరాండీ?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వినది. నేను వానిని కూర్చుండుమంటిని. సమాధానము నాకును తోచలేదు.

ఆ ప్రశ్నలో న్యాయమున్నది. ప్రబంధములలోని వసంతము పరమరమణీయమైనదే. కాని యది అన్ని పట్టణములకును ఒక్కటియే. అయోధ్యలోని కోయిలకును ద్వారకలోని కోయిలకును భేదము లేదు. ఆ కవుల కాలమున లేతమామిడి పిందెలను బుట్టలో పెట్టుకొని వీధివీధి తిరిగినవా రెవ్వరు? ఎండలో కుండలు మోసినవా రెవ్వరు? వసంతము పేరు మిగిలినది గాని, వసంతములో బ్రతికిన జనులు మిగులలేదు.

దీనికి అపవాదము లేకపోలేదు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమున మంచనశర్మ, టిట్టిభసెట్టి యను నిద్దఱు మిత్రులు ఓరుగల్లు వీధులలో తిరుగుచు తమ కంటబడినదెల్ల చెప్పుకొందురు. పూటకూళ్లయిల్లు, కోడిపందెములు, పల్నాటి వీరుల కథ పాడువారు అందు గలరు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు ఈ చిన్న పుస్తకము గొప్ప యాధారమైనది. రాజుల వంశావళి తెలుపుటకు శాసనములు చాలును. కాని ఆ రాజ్యమున సామాన్యు డేమి తినెనో తెలియవలెనన్న, వీధిలో కన్నులు తెఱచుకొని తిరిగినవా డొక్కడైన నుండవలెను.

ఇక ఛాయాచిత్రముల సంగతి. ఈ కళ పుట్టినది రాజసభలో కాదు, ఒక యింటి కిటికీ యొద్ద. ఫ్రాన్సు దేశమున నీస్‌ఫోర్ నియెప్స్ అను నతడు 1826, 1827 ప్రాంతమున తన యింటి మేడకిటికీలోనుండి కనబడు కప్పులను, ఆవరణమును ఒక లోహపు పలక మీదికి దింపెను. కెమెరాతో తీసిన చిత్రములలో నేటికి నిలిచియున్న వానిలో మొదటిది యదియే. ఆ పలకను గంటలతరబడి వెలుతురున నుంచవలసి వచ్చెను. ఈలోపల సూర్యుడు తూర్పునుండి పడమటికి నడచిపోయెను. అందుచేత ఆ చిత్రమున ఇరువైపుల గోడల మీదను ఎండ పడినట్లు కనబడును! ఇంగ్లండులో ఫాక్స్ టాల్బట్ 1844లో తీసిన చిత్రములలో తెఱచిన తలుపును, దాని ప్రక్క చేరవేసిన చీపురును చూపినది యొకటి కలదు. చీపురు కూడ చిత్రమునకు తగునని ఆయనకు తోచుట సామాన్యవిషయము కాదు.

వీరికంటె నా మనస్సున నాటుకొన్నది డగేర్ తీసిన చిత్రము. 1838లో ఆయన పారిసు నగరమున తన మేడమీదినుండి ఒక పెద్దవీధిని తీసెను. అది బండ్లు, గుఱ్ఱములు, జనులు నిత్యము సంచరించు వీధి. కాని చిత్రమున వీధి శూన్యముగా నున్నది. పలక మీద రూపము పడుటకు కొన్ని నిమిషములు పట్టెడి కాలమది. నడచిపోవువా రెవ్వరును దానికి చిక్కలేదు. ఒక మూల మాత్రము ఒకడు నిలిచియున్నాడు. బూట్లకు మెఱుగు పెట్టించుకొనుటకై కాలు చాచి కదలక నిలిచినందున చిక్కెను. ఆ మెఱుగు పెట్టువాడును లీలగా కనబడుచున్నాడు. ఛాయాచిత్రమున పడిన మొదటి మనుష్యులలో వీరిద్దఱును లెక్కకు వచ్చుచున్నారు. వారి పేర్లు ఎవ్వరికిని తెలియవు. ఆ వీధిలో నాడు తిరిగిన తక్కిన వారందఱును, ఉండియు లేనివారైరి.

సామాన్యుల చరిత్ర యంతయు నీ చిత్రములో నున్నదని నా యభిప్రాయము. ఉన్నవారు లేకపోలేదు, పట్టుకొను పలక మందగతి గలదై యుండెను.

డగేర్ పద్ధతి 1839లో లోకమునకు వెల్లడియైనది. మఱుసటి సంవత్సరమునకే ఆ కెమెరాలు కలకత్తాకు దిగుమతి యైనవి. బొంబాయిలో 1854లోను, చెన్నపట్టణమున 1856లోను ఛాయాచిత్రసంఘము లేర్పడెను. చెన్నరాజధాని ప్రభుత్వము లినియస్ ట్రైప్ అను సైనికోద్యోగిని ప్రత్యేకముగా నియమించి మధుర, తంజావూరు, శ్రీరంగము మొదలగు చోట్ల చిత్రములు తీయించెను. మన అమరావతి శిల్పములలో చెన్నపట్టణము చేరిన వానిని 1858లో తీసినవాడును ఆయనయే. ఆ చిత్రములు నిర్మాణశిల్పమునకు అమూల్యమైన సాక్ష్యములు. కాని గోపురములు, మండపములు, స్తంభములు తప్ప మనుష్యులు వానిలో బహు తక్కువగా కనబడుదురు.

హైదరాబాదున లాలా దీన్‌దయాళ్ గారి కీర్తి జగమెఱిగినది. మీరట్ సమీపమున 1844లో జన్మించి, రూర్కీలో చదివి, ఇండోరున ఉద్యోగము చేసి, ఆఱవ నిజాము మహబూబ్ అలీఖానుగారి ఆస్థానఛాయాచిత్రకారుడై, 1905లో గతించెను. ఘోషా స్త్రీలకొఱకు 1892లో ఆయన హైదరాబాదున ప్రత్యేకముగా నొక స్టూడియో తెఱచి, దానిని ఒక ఆంగ్లవనిత చేతులలో నుంచెను. ఆయన తీసిన ప్రాసాదములు, వేటలు, సేనలు, విందులు చూచినవారికి ఆ కాలపు ప్రభుత్వవైభవము కన్నులకు కట్టును. బజారు మాత్రము అంతగా కట్టదు. అది ఆయన లోపము కాదు. ఖర్చు పెట్టువారు దేనిని కోరిరో దానిని తీసెను.

అప్పటి పనిముట్టును అట్టిదే. 1851లో వచ్చిన పద్ధతి ప్రకారము గాజుపలకకు మందు పూసి, అది తడి యాఱకముందే చిత్రము తీసి, ఆ తడిలోనే కడుగవలెను. చీకటిగుడారమును, మందుసీసాలను, నీళ్లను వెంట మోసికొని పోవలెను. వేపపూవు ఏఱుకొను స్త్రీ అంతవఱకు వేచియుండునా? 1871లో పొడిపలకలు కనిపెట్టబడెను. 1888లో ఈస్ట్‌మన్ నూఱు చిత్రములు పట్టు చుట్టతో కొడాక్ కెమెరాను అమ్మకమునకు పెట్టెను. 1900లో ఒక్క డాలరునకే బ్రౌనీ యను చిన్నపెట్టె వచ్చెను. అప్పటినుండి సామాన్యుని చేతికి కెమెరా అందినది.

చేతికి అందినంతమాత్రమున చూపు మాఱునా? మాఱినవా డొకడు పారిసులో నుండెను. ఆయన పేరు ఎజెన్ అట్జే. పారిసును తన యూరుగా చేసికొని, దాదాపు ముప్పదియేండ్లు బరువైన పాతకాలపు కెమెరాను మోసికొనుచు తెల్లవాఱుజామున వీధులు తిరిగెను. అంగడి కిటికీలు, మెట్లు, తలుపుల కొళాయములు, వీధులలో తిరిగి యమ్ముకొనువారు, ఆయన కన్నియు కావలసినవే. చిత్రకారులకును, గ్రంథాలయములకును వానిని అమ్ముకొని జీవించెను. 1925లో, తన అఱువదియెనిమిదవ యేట, మార్చి మొదలు జూను వఱకు పారిసు దాపున సో అను చోట పాడుపడియున్న యుద్యానమునకు పోయి చిత్రములు తీసెను. వానిలో కొన్నిటిపై నెలయు, ఉదయమెన్ని గంటలో అదియు వ్రాసి యుంచెను. తరువాత నా యుద్యానము బాగుచేయబడి రూపు మాఱినది. ఆ పాత వసంతము ఆయన పలకలలోనే మిగిలినది. 1927లో ఆయన గతించిన పిదప బెరెనిస్ ఆబట్ అను అమెరికా వనిత ఆ పలకలను పూనికతో కాపాడకున్న, అవియును మిగిలియుండెడివి కావు.

ఇప్పుడు మా యూరికి వచ్చెదను. మాది రాజమహేంద్రవరము. నన్నయభట్టారకుడు భారతాంధ్రీకరణమునకు శ్రీకారము చుట్టిన పట్టణము. దామెర్ల రామారావుగారు 1897లో పుట్టినదియు నిచ్చటనే. 1925లో, ముప్పదియేండ్లు నిండకుండగనే స్వర్గస్థుడైన ఆ చిత్రకారుని చిత్రములు ఇక్కడి చిత్రశాలలో నేటికిని గలవు. గోదావరియు, ఈ ప్రాంతపు స్త్రీల అలంకారములును ఆయన కుంచెకు తగిన వస్తువులైనవి. అట్టి యూరివాడనై యుండియు, నేను కన్నులు తెఱచుటకు ఆలస్యమైనది.

మా గోదావరిపై పాత రైలువంతెన యొకటి కలదు. 1900లో దానిపై రాకపోకలు మొదలై 1997లో నిలిచిపోయెను. నా చిన్నతనమున ప్రతి వసంతమున, శ్రీరామనవమికి మా తల్లిగారు నన్ను వెంటబెట్టుకొని ఆ వంతెనమీదుగా అవతలి యొడ్డున నున్న మా మేనమామగారి యూరికి పోవుచుండెడివారు. రైలు వంతెన యెక్కగానే ఆమె చెంగుముడి విప్పి ఒక నాణెము తీసి పిడికిట పట్టుకొనెడిది. వసంతమున గోదావరి సన్నగిల్లి ఇసుకతిన్నెలు బయటపడును గదా! నాణెము నీటిలో పడవలెను గాని ఇసుకపై పడరాదు. అందుచేత ఆమె కన్నులు మూసికొని నమస్కరించుచునే, "నీళ్ళొచ్చాయేమిరా?" అని నన్ను అడుగుచుండెడిది. "వచ్చాయమ్మా" అని నేను చెప్పవలెను. అప్పుడు విసరెడిది.

వంతెన నేటికిని నిలిచియున్నది. కోరినవారు కోరినన్ని చిత్రములు తీయవచ్చును. మా తల్లిగారి చిత్రము మా యింట ఒక్కటియే కలదు. స్టూడియోలో, హంసలు వ్రాసిన తెర ముందు, ఎరువు తెచ్చుకొన్న గొలుసు వేసికొని, ఊపిరి బిగబట్టి కూర్చున్న చిత్రము. నా పిల్లలు దానిని చూచి, "నానమ్మ కోపిష్టిదా?" అని యడిగిరి. ఆమె జీవితమున నెన్నడును కోపపడినది కాదు. నేను వారికి వంతెన కథ చెప్పితిని. కాని చెప్పుట వేఱు, చూపుట వేఱు.

నా యుద్యోగకాలపు చిత్రములును ఇట్టివే. ప్రతి సంవత్సరము మార్చినెలలో ఒక పెద్ద చిత్రము. పొడుగువారు వెనుక, ఉపాధ్యాయులు కుర్చీలలో, చిన్నవారు క్రింద, అందఱును చేతులు కట్టుకొని. అట్టివి ముప్పదియైదు నాయొద్ద నున్నవి. ఆవరణములో నొక మామిడిచెట్టుండెడిది. పిందెలు రాలు దినములలో మధ్యాహ్నపు గంట కొట్టగానే పిల్లలందఱును దాని క్రిందికి పరుగెత్తెడివారు. ఉప్పు, కారము పొట్లములు చేతులు మాఱెడివి. ఆ చెట్టును కొట్టివేసిరి. ముప్పదియైదు చిత్రములలో ఒక్కదానిలోను ఆ చెట్టు లేదు. వెలుతురు చాలదని ప్రతిసారియు మమ్ము దానికి దూరముగా నిలిపెడివారు.

అందుచేత విశ్రాంతి పొందిన పిదప చైత్రవైశాఖములలో ప్రతిదినము ఉదయమున రెండుగంటలు ఊరు తిరిగి చిత్రములు తీయ నారంభించితిని. గోపురములు తీయను, వానిని తీయువారు పలువురు కలరు. కోటిలింగాల రేవున తడిబట్టలు పిండుకొనుచున్న వృద్ధులు, ఉగాదికి ముందునాడు క్రొత్తచింతపండు, చెఱకుముక్కలు, వేపపూవు కుప్పలు పోసిన అంగళ్లు, నవమికి తాటాకుపందిళ్లు వేయు కూలీలు, పానకములో మిరియము ఎక్కువై దగ్గుచున్న పిల్లలు, కడియము తోటలనుండి పూలమూటలు దింపు బండ్లు, సైకిలుకు కట్టిన తాటిముంజెల గెలలు, చలివేంద్రము ముందు బారులు తీర్చిన క్రొత్తకుండలు, ఇవి నా చిత్రములు.

కోటగుమ్మము దగ్గఱ మల్లెపూలమ్ము నొక యామెను తీయబోగా, "నా బొమ్మెందుకండి మేస్టారూ? అటు గుడుందిగా, బాగుంటాది, అది తీసుకోండి" అనెను. "గుడి ఎక్కడికీ పోదమ్మా" అంటిని. ఆమె కొంచెము ఆలోచించి, పమిట సవరించుకొని, తిరిగి పూలు కట్టుటలో మునిగెను. పదిదినముల తరువాత ఆ చిత్రమును అచ్చువేయించి తీసికొనిపోయి ఇచ్చితిని. ఆమె చాలసేపు చూచినది. నచ్చలేదేమో యని నేను జంకితిని. చివరకు, "ఇది నేను కాదండి, మా అమ్మండి. ఇలాగే కూర్చునేదండి, ఇక్కడే" అనెను. తల్లి చిత్రము ఆమె యింట ఒక్కటియు లేదట. ఆ దినమున నాకు మూర పూలు ఊరకే యిచ్చినది, వలదన్నను వినలేదు.

ఈ పనిలో నేను చేసిన తప్పొకటి మీకు చెప్పవలెను. మూడేండ్ల క్రిందట ఒక వసంతమంతయు తీసిన చిత్రములను ఫోనులోనే యుంచితిని. వైశాఖమున నొకనాడు రేవుమెట్టు మీద కాలుజాఱి, నేను నిలదొక్కుకొంటిని గాని ఫోను గోదావరి పాలైనది. మా తల్లిగారు వేసిన నాణెములన్నిటికంటె నది ఖరీదైనది. రెండునెలల ఊరు ఆ నీటిలో పోయినది. ఆ యేట నవమిపందిరి వేసిన పెద్దమేస్త్రి మఱుసటి సంవత్సరము లేడు. ఆయనను మరల తీయుట యెట్లు?

నాటినుండి నాలుగు నియమములు పెట్టుకొంటిని. మొదటిది: ఎవరినైనను అడిగి తీయవలెను, స్నానఘట్టములయొద్ద మఱింత జాగ్రత్త వలయును. రెండవది: మంచివని తోచిన చిత్రములను నెలకొకసారి వేఱొకచోట దాచి, కొన్నిటిని కాగితముపై అచ్చువేయించవలెను. మూడవది: వెనుక తేదీ, స్థలము, చేయుచున్న పని, అంగీకరించినచో పేరు వ్రాయవలెను. వ్రాతలేని చిత్రము ఏబదియేండ్లకు పేరులేని సమాధి వంటిది. నాలుగవది: తీసిన చిత్రమును అందున్నవారికి ఇచ్చి రావలెను. అది వారి సొత్తు.

నేడు చిత్రములకు కొదువ యేమని మీ రడుగవచ్చును. నిజమే. ప్రతి చేతిలోను కెమెరా కలదు. పెండ్లిండ్లలో వేలకొలది తీయుచున్నారు. కాని మన యింటిముందు ప్రతిదినము ముగ్గు వేయునామె, మన వీధి యిస్త్రీబండి, మన యమ్మ ఉగాదినాడు వేపపూవు వేయించుచు పొగకు కన్నులు తుడుచుకొనుట, వీనిని మనము రేపు తీయవచ్చునని విడిచిపెట్టుచున్నాము. డగేర్ కాలమున పలక మందగతి గలదగుటచే వీరు చిక్కలేదు. నేడు పలక క్షణములో పట్టును. మందగతి మన చూపుది.

కావున ఈ చైత్రమున మీలో ప్రతివారును మీ వీధిలోని ఒక్క దృశ్యమును తీసి, వెనుక తేదీ వేసి దాచుడని ప్రార్థించుచున్నాను. వెనుకబల్ల మీదినుండి నన్ను ప్రశ్నించిన బాలు డిప్పు డెక్కడ నున్నాడో నే నెఱుగను. వినుచున్న యెడల, నాయనా, నాడు చెప్పవలసిన సమాధాన మిది: ఆ యూళ్లన్నిటను అందఱును బజారునకు పోవుచునే యుండిరి. చూచి నిలుపుకొన్నవారు మాత్రము తక్కువ.

సెలవు.